ఆగమన్న చెయ్యి

ఒకసారి పరుగుకు పిలిచాక నన్ను వెనక్కి పంపనని మాటిచ్చావు. ఉద్యోగం కోసం ఇద్దరం ఆడిన సెలెక్షన్ మ్యాచ్‌లోనే ఆ మాట తప్పావు. ‘రా’ అని పిలిచి నువ్వు కదల్లేదు. పిచ్ మధ్యలో చిక్కుకుని నేను రనౌట్ అయ్యాను. ఉద్యోగం నీకొచ్చింది. “నేనేం జేసేదిరా, గీత బయట నిలవడి మా భాయ్ ఆగుమని చెయ్యెత్తిండు” అని పోయేదాకా అదే పాట పాడావు. నేనూ సగం నమ్మాను.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బోయిన్‌పల్లి ఇంట్లో మా కోడలు టీవీలో బేస్‌బాల్ వీడియో గేమ్ పెట్టి, రిమోట్ నా చేతికిచ్చింది. బంతి కొట్టి, అలవాటు కొద్దీ అవతలివాడి పిలుపు కోసం చూస్తూ ఉండిపోయాను.

“ఏంది మామా, ఉరుకున్రి! ఇది క్రికెట్ కాదు, కొడితే ఉరకాల్సిందే.”

స్నేహం గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికన్నా ఈ ఒక్క నియమం మేలనిపించింది.

కాసేపటికి నా ఆటగాడు మూడో బేస్ చేరుతుంటే, గీత బయట నిలబడ్డ కోచ్ రెండు చేతులూ ఎత్తాడు.

“ఆగున్రి మామా! ఆగుమంటుండు!”

“ఎత్తనియ్యమ్మా. ఉరికేది మనం గదా.”

పరుగెత్తించాను. ఔటయ్యాడు.

“చెప్తే వింటే గద మీరు!” అని నవ్వింది.

చెయ్యి ఎవరైనా ఎత్తుతారు. ఆగడం మాత్రం ఆగినవాడి పనే. ఇన్నేళ్లూ మీ అన్న ఎదురైతే మొహం తిప్పుకున్నాను. రేపు సైనిక్‌పురి వెళ్లి ఆ ముసలాయన్ని పలకరిస్తాను. తప్పు ఆయనది కాదు, నీదే ఇస్మాయిల్.