ఏ గిటారు మీద కట్టింది?

11-2-2007, ఆదివారం

అజ్మల్, వినీత్ వచ్చారు. మా అమ్మాయి నీహారిక బ్యాండులో పిల్లలు. ఇరవై నాలుగున కాలేజీ డేకి దాని పేరు చెప్పి, అది కట్టిన ట్యూన్ వాయిస్తారట. అక్టోబరులో జ్వరంతో పోయింది. ఆ ట్యూన్ అంతకు ముందు నెలే కట్టింది. వీళ్ళ కరెంటు గిటార్లు రెండూ మార్చి మార్చి ఇంటికి తెచ్చుకునేది, రెండూ ఒకేలాంటి నల్ల సంచుల్లో. ట్యూన్ ఏ గిటారు మీద కట్టిందో వీళ్ళకి తెలీదు. గోడవతల నుంచి రోజూ విన్నది మీరే గదా ఆంటీ, టోన్ మీరే చెప్పాలె అన్నాడు అజ్మల్.

ఒకటి స్ట్రాట్ అట. ఇంకోటి లెస్ పాల్ అట. టీలో పాలు తక్కువ వెయ్యమంటున్నాడనుకుని అలాగే కలిపి ఇచ్చాను. వినీత్ నవ్వాపుకోలేక బయటికెళ్ళాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వినందుకు రోజంతా నా మీద నాకే కోపం.

13-2

కాలేజీ రూముకి వెళ్ళాను. అజ్మల్ స్ట్రాట్ వాయించాడు. గాజు గ్లాసు మీద స్పూను కొట్టినట్టు సన్నటి గొంతు. అది కాదు. వినీత్ లెస్ పాల్ తీశాడు. లావు గొంతు, పాకం సాగినట్టు సాగుతుంది. అదీ కాదు. సౌండు పెంచే ఆంప్ పెట్టె మీద బటన్లన్నీ తిప్పారు. కాదు, కాదు, కాదు. నీ డబ్బా గిటారుకు ఎంత తిప్పినా గంతే రా అని అజ్మల్, నీది దోమ మోత అని వినీత్. ఆపండి అని అరిచాను. వాళ్ళ మీద కాదు నా కోపం.

14-2

ఇడ్లీ పిండిలో ఉప్పు మర్చిపోయాను. మా టిఫిన్ బండి దగ్గర తినేవాళ్ళు ఒక్కరూ ఏమీ అనలేదు. జాలి. అదీ చిరాకే.

16-2

ఈయన ప్లాట్ల కస్టమర్లని సుమోలో మంచాల ఊరి దాకా తిప్పి వచ్చారు. ఏదో ఒకటి చెప్పెయ్యవే, తీగ తీగే కదా అన్నారు. అది నీ కూతురు కాదా అన్నాను. సగం అన్నంలో లేచిపోయారు. అనకూడని మాటే. కానీ నాలుగు నెలలకే దాని గొంతు నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఈ ఒక్క చప్పుడైనా తప్పు చెప్పకూడదు.

19-2

పైన ఉండే ఓనరు బుగ్గయ్యన్న మోటారు వెయ్యడానికి వచ్చి, ఏందక్కా గట్లున్నవ్ అన్నాడు. చెప్పాను. మీ పిల్ల వాయిస్తుండెనా, మాకెన్నడు ఇనరాలే గదా అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. గిటారుతో పాటు ఆంప్ పెట్టె కూడా ఇంటికి తెచ్చిన మొదటి రోజే దాని ప్లగ్గు నేనే పీకేశాను. ఓనర్లు ఇల్లు ఖాళీ చెయ్యమంటారు, సౌండు వద్దు అన్నాను. మర్నాడే పెట్టె వెనక్కి ఇచ్చేసింది. ఏడాదిన్నర ఉత్తి తీగల మీదే వాయించుకుంది. నేను విన్నది అదీ.

సౌండు పెడితే ఏమనేవాడివి అన్నా అని అడిగాను. ఏమంటనక్కా, దసరాకు మా పోరగాడు డీజే పెడితే నువ్వేమన్న అన్నవా అన్నాడు.

20-2

మళ్ళీ కాలేజీ రూముకి వెళ్ళి, వైరు పీకి వాయించమన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. తీగల మీద చెయ్యి పెట్టగానే లెస్ పాల్ టక్కున ఆగిపోయింది. స్ట్రాట్ తీగలు అలాగే ఆపేశాక కూడా లోపల సన్నగా మోగుతూనే ఉంది. ఎనుక స్ప్రింగులుంటయ్ ఆంటీ, గవి ఊగుతయ్ అన్నాడు అజ్మల్.

అదే. గోడవతల అదే.

ఇట్ల వాయిస్తే హాల్ల ముందు లైనుకు గూడ ఇనరాదు ఆంటీ, ఎట్ల మరి అన్నాడు. ఇంటికి వచ్చేశాను.

24-2

కాలేజీ డే. స్టేజీ మీద స్ట్రాట్‌కి ప్లగ్గు నేనే పెట్టాను. ధబ్‌మంది. వెనక కుర్రాళ్ళు ఈల వేశారు. నాకు తెలిసిన నీహారికలా లేదు. సౌండు ఇంకా పెంచమన్నాను.