చింతపండు బయటపెట్టిన పేరు

ప్లేనో, అమెరికా,
12-10-2009.

తమ్ముడు నాగాచారికి అన్నయ్య ఆశీస్సులు.

ఒరే, నిన్నటి నుంచి నా కాళ్ళు నేలమీద ఆనడం లేదురా! పక్కింటి డేల్, వాళ్ళ నాన్న యుద్ధంనుంచి తెచ్చిన జపాను కత్తిని నాకు చూడమని ఇచ్చాడు. మిషను మీద చేసింది కాదు, చేతిపనేనని చెప్పాను, అతను నమ్మలేదు. పిడి ఊడదీసి లోపలి ఇనుముకి పట్టిన తుప్పు చూస్తే మనసొప్పక చింతపండుతో తోమేశాను.

నిన్న డేల్ మమ్మల్ని తీసుకెళ్ళిన కత్తుల ప్రదర్శన హాల్లో, కత్తులు పరీక్షించే పెద్దాయన అది చూసి తల పట్టుకున్నాడు. ఆ తుప్పును బట్టే కత్తి వయసు చెబుతారట! "ఎవరు చేశారీ పని?" అని అరిచాడు. ఇన్నాళ్ళూ నేను స్టీలు కంపెనీలో రిటైరయ్యానని చెప్పుకున్న మా అమ్మాయి సుధ లేచి, "మా నాన్న. ఆయన కమ్మరి" అంది, అందరి ముందూ!

అంతలో ఇంకొకాయన భూతద్దం పెట్టి చూస్తే, తుప్పు పోయినచోట ఆ జపాను కమ్మరి ఉలితో చెక్కుకున్న పేరు కనబడింది. చేతిపనేనని రాసిచ్చారు. నన్ను మాత్రం జన్మలో ఆ హాలు గడప తొక్కొద్దన్నారు. తొక్కన్లే.

నువ్వు వెంటనే రెండు కిలోల పాత చింతపండు పంపు. ఇక్కడి కొట్లో దొరికేదానికి పులుపు చాలదు. బయటికొచ్చాక ఆ పరీక్షించేవాళ్ళలోనే ముగ్గురు, ఒకరికి తెలియకుండా ఒకరు, వచ్చి, అది తమకూ కాస్త కావాలని చెవిలో అడిగారు.

నీ అన్నయ్య