ఆదివారం ముస్తాబుతో ఆసుపత్రికి

మెంఫిస్, మంగళవారం

వెర్లీన్ అక్కకు, కంగారుపడకు, మంచి కబురే. కీమో మందుకు వేళ్లు మొద్దుబారి అక్షరాలు వంకరపోతున్నాయి, అంతే.

మన నల్లవాళ్లకు కేన్సర్ వైద్యంలో తేడా ఎక్కడ పడుతోందో కనిపెట్టి, ఆ తీరు మార్చడానికి ఆసుపత్రికి టలీసా అనే పిల్ల వచ్చింది. నా పక్కనే కూర్చుని, "ఆంటీ, చర్చికెళ్లినట్టు ఈ టోపీ, ముత్యాలు ఎందుకండీ?" అంది.

"ముస్తాబవకపోతే డాక్టర్లు మనల్ని మనిషిలా చూడరని మా అమ్మ నేర్పిందిలే," అన్నాను.

"మరి ఇలా చూసి డాక్టర్లు మీకు ఏ బాధా లేదనుకుంటున్నారేమో."

మనకెప్పుడైనా తట్టిందా అక్కా ఈ మాట?

నిన్న డాక్టరు "ఎలా ఉన్నారు" అనలేదు; అలా అంటే ఎప్పటిలా దేవుడి దయవల్ల బాగున్నాననేదాన్ని. టలీసా వాళ్లు మార్పించిన ప్రశ్న అడిగాడు: "ఈ వారం ఇంట్లో ఏ పని చేసుకోలేకపోయారు?"

"ఈ గౌను బొత్తాలు పక్కింటావిడ పెట్టిందండీ," అన్నాను. ఆయన కలం పక్కనపెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, మందు తగ్గించాడు.

బెండకాయ ఊరగాయ ఒక సీసా పంపు. నీ దగ్గరున్న నా ఊదారంగు టోపీ కూడా; ముస్తాబు మానేది లేదు. నీ మోకాలు దేవుడి దయవల్ల బాగుందని మాత్రం రాయకు. ఈ వారం ఏ పని చేసుకోలేకపోయావో రాయి.

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

నీ చెల్లెలు ఒడెస్సా