ప్లగ్ తీయని కారు

మార్చి 9, ఆదివారం

నాకు ఎలక్ట్రిక్ కార్లు నచ్చవు. జోయెల్‌తో ఎన్నోసార్లు అన్నాను, ఇప్పుడు రాసి పెడుతున్నాను. గేర్ లేదు, క్లచ్ లేదు. ఏసీ తగ్గించాలన్నా టీవీ లాంటి తెర మీద వేలితో వెతుక్కోవాలి. మరి రోడ్డు ఎవరు చూస్తారు?

జోయెల్‌ది మలక్‌పేటలో మెకానిక్ షెడ్డు. పాత దోస్తు. పొద్దున్నే ఇద్దరం నా తెల్ల సెడాన్‌లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. 2002 మోడల్, పెట్రోల్. మూడో గేర్‌కు దించి తొక్కితే ఇంజిన్ గొంతు విప్పుతుంది. ఆ చప్పుడు కోసమే నేను ఆదివారాలు తొందరగా లేస్తాను.

రాజమణి రాదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఎక్కింది. అఫ్జల్‌గంజ్ దాటకముందే వాంతి చేసుకుంది. పెట్రోల్ వాసన పడదు తనకి. అప్పటి నుంచి నా కార్లన్నిటినీ కిటికీలోంచే చూసింది.

మార్చి 20, గురువారం

రాజమణికి ఆక్సిజన్ పెట్టారు. ఇంట్లోనే, మెషిన్‌తో.

ఊపిరితిత్తులు పొగకు పాడయ్యాయన్నాడు డాక్టర్. ఇంట్లో సిగరెట్ ఎవరు తాగుతారని అడిగాడు. ఎవరూ తాగరు. మాది కోవా వ్యాపారం. గ్యాస్ పెట్టించేదాకా కిషన్‌బాగ్ ఇంటి వెనక కట్టెల పొయ్యి మీద పాలు మరిగించి కోవా తిప్పింది తనే. ఆ సంగతి రాజమణే చెప్పింది. ఎన్ని పాలకు ఎంత కోవా వస్తుందో కూడా చెప్పింది. డాక్టర్ రాసుకున్నాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

మెషిన్ కిరాయికి తెచ్చాను. గాలిలోంచి ఆక్సిజన్ తీస్తుంది. కరెంటు ఉంటేనే.

ఏప్రిల్ 17, గురువారం

నిన్న గాలిదుమారం. కరెంటు పోయింది. ఇన్వర్టర్ కాసేపు పనిచేసి కీచుమని ఆగింది. అవసరానికని తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఉంది. దాని రెగ్యులేటర్ తిప్పడానికి నా చెయ్యి ఆడలేదు. క్లచ్ ప్లేట్ మార్చే చెయ్యి ఇది. మా అమ్మాయి స్రవ్య పక్క గదిలో ఆఫీసు కాల్ వదిలేసి పరుగెత్తుకొచ్చి తిప్పింది. అప్పటికి రాజమణి పెదవులు నీలం తిరిగాయి. తర్వాత మామూలయ్యాయి. తర్వాత తను నవ్వింది కూడా, నా మొహం చూసి.

నాకు ఏమీ అనిపించలేదు. అప్పటి నుంచి ఏమీ అనిపించడం లేదు.

ఏప్రిల్ 19, శనివారం

షోరూంకు వెళ్లాను. సేల్స్ అతను రేంజ్ చెప్పాడు. సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో చెప్పాడు. బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ అన్నాడు. రాజమణి గురించి డాక్టర్ రెండేళ్లు కూడా గట్టిగా చెప్పలేదు.

నేను అడిగింది ఒక్కటే. కారులోంచి బయటికి కరెంటు తీసుకోవచ్చా? తీసుకోవచ్చట. పిక్నిక్‌కు పోతే కెటిల్ పెట్టుకోవచ్చు సార్, స్పీకర్ పెట్టుకోవచ్చు అన్నాడు. ఒక మెషిన్ ఆగకుండా రెండు రోజులు నడుస్తుందా అన్నాను. ఏం మెషిన్ అని అడిగాడు. తాళం ఇమ్మన్నాను.

టెస్ట్ డ్రైవ్ చేశాను. కాలు పెడితే పోతుంది, తీస్తే ఆగుతుంది. లిఫ్ట్ ఎక్కినట్టుంది. బుక్ చేసి వచ్చాను.

ఏప్రిల్ 27, ఆదివారం

సెడాన్ అమ్మేశాను. కొన్నవాడు గల్లీ చివరి దాకా మొదటి గేర్‌లోనే గుంజుకుంటూ పోయాడు. రెండో గేర్ వేయరా నాయనా అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

మే 11, ఆదివారం

కారు వచ్చింది. గల్లీలో బర్రెలు పక్కకు జరగలేదు. చప్పుడు లేదు కదా, వాటికి తెలియదు. దిగి అదిలించాల్సి వచ్చింది.

కొనేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతులు రాస్తాను. ఇంటికి కరెంటు లోడ్ పెంచుకోవాలి. విడిగా సాకెట్ వేయించుకోవాలి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఈ బండి చార్జే తీసుకోదు. ఇంటి ముందు సొంత జాగా లేనివాళ్లు ఆశపడొద్దు.

జోయెల్ చూడటానికి వచ్చాడు. బానెట్ ఎత్తి, లోపల చూసేదేమీ లేక మూసేశాడు. ఎందుకు కొన్నానో చెప్పాను. గోడ మీది సాకెట్ దాకా పోయి చూసి వచ్చాడు.

"అన్నా, ఇన్వర్టర్‌కు ఇంకో రెండు బ్యాటరీలు పెట్టిస్తే అయిపోతుండె గదా," అన్నాడు.

నిజమే. ఇందులో పదో వంతు ఖర్చు కూడా కాదు. నాకు తట్టనే లేదు. భయం వేసింది, పోయి కారు కొన్నాను. నాకు తెలిసినవి కార్లే.

మే 25, ఆదివారం

సాయంత్రం రాజమణి మెషిన్ గొట్టం తీసి పక్కన పెట్టి, గోడ పట్టుకుని కిందికి దిగింది. కాసేపైతే అది లేకుండా ఉండగలదు. కారు తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది. ముక్కు ఎగబీల్చి చూసింది. వాసనే లేదంది. కడుపులో తిప్పడం లేదంది. రెండు వారాలుగా ప్లగ్‌కే కట్టేసి పెట్టినవు, బండి కొన్నవా, కరెంటు డబ్బా కొన్నవా అని ఎగతాళి చేసింది. తర్వాత స్టీరింగ్ మీద చెయ్యి పెట్టింది.

"ఒక్క రౌండ్ తీస్కపోరాదు నన్ను. మలక్‌పేట దాకా. రేస్‌కోర్స్ గోడ పొంటి పోయి వద్దాం, గంతే."

తను పుట్టి పెరిగింది అక్కడే. వానాకాలం వస్తోంది, చార్జ్ నిండుగా ఉంచాలి అన్నాను. వాదించలేదు. నేను తలుపు పట్టుకుని నిలబడేదాకా దిగలేదు.

లెక్క నాకు తెలుసు. మలక్‌పేట పోయి వస్తే ఐదు శాతం పోతుంది. మిగిలినదాంతో మెషిన్ రోజుల తరబడి నడుస్తుంది. కానీ తెర మీద నూరు లేకపోతే నాకు ఊపిరాడదు.

జూన్ 3

బ్యాటరీని ఎప్పుడూ నూరు దగ్గర ఉంచొద్దు, ఎనభై చాలు. ఎవరడిగినా నేను చెప్పేది అదే. నా బండిలో నూరు ఉంది. ప్లగ్ తీయలేదు.

జూన్ 19, గురువారం

మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. సాయంత్రం దాకా కరెంటు లేదు. కారులోంచి వైరు కిటికీ గుండా లోపలికి లాగాను. మెషిన్ మళ్లీ మొదలైంది. సీరియల్ పోయిందని రాజమణి విసుక్కుంది. అంతే.

గల్లీవాళ్లు ఫోన్లు చార్జ్ చేసుకుంటామని వచ్చారు. వద్దన్నాను. పెద్ద లొల్లి అయింది. కరెంటు వచ్చేదాకా కారులో కూర్చుని ఆ అంకెనే చూశాను. నూరు నుంచి తొంభై ఎనిమిదికి వచ్చింది.

"సూసినవా, రెండే తగ్గింది. ఇగ తీస్కపో," అంది రాజమణి. ఆదివారం పోదామన్నాను.

జూన్ 22, ఆదివారం

వాన. గల్లీలో నీళ్లు నిలిచాయి. వచ్చే వారం అన్నాను.

వాన పదకొండింటికే ఆగింది. నీళ్లూ పోయాయి. తను చీర మార్చుకుని కూర్చుంది.

జూన్ 29, ఆదివారం

మబ్బు పట్టింది. పోలేదు. తను అడగలేదు.

జూలై 4, శుక్రవారం

జ్వరం, నిమ్ము. అంబులెన్స్ పిలిచాం. నేను కారులో వెనకే వస్తానన్నాను. స్రవ్య నా చెయ్యి పట్టి అంబులెన్స్ ఎక్కించింది. అది రేస్‌కోర్స్ గోడ పక్క నుంచే పోయింది. రాజమణి కళ్లు మూసుకుని ఉంది. లేపి చెప్దామనుకున్నాను. ఇలా కాదు, బాగయ్యాక కారులో తీసుకొస్తాననుకున్నాను. చెప్పలేదు.

జూలై 9

రాజమణి పొద్దున పోయింది. ఆస్పత్రిలో కరెంటు ఉంది.

జూలై 21, సోమవారం

పలకరించడానికి వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని, పోతూ పోతూ కారు గురించి అడుగుతున్నారు. రేంజ్ ఎంత, నెలకు ఖర్చెంత, కొనొచ్చా? సిటీలో తిరిగేవాళ్లు కొనొచ్చు, సొంత జాగా ఉంటే కొనొచ్చు అని చెప్తున్నాను. వాళ్లు తలూపుతున్నారు. తెలియదని చెప్పాలి అసలు. ఇంటికి తెచ్చిన రోజు తప్ప ఈ బండి నేను నడపలేదు.

ఆగస్టు 3, ఆదివారం

మెషిన్ వాపస్ ఇవ్వడానికి బయల్దేరాను. దాన్ని పడుకోబెట్టకూడదు. ముందు సీట్లో నిలబెట్టాను. కారు బీప్ బీప్‌మంది. మనిషి కూర్చున్నాడనుకుని బెల్టు అడుగుతోంది. బెల్టు పెట్టాను. ఆగింది.

షాపు వచ్చింది. ఆపలేదు.

ఎక్కడున్నావ్ బాపూ అని స్రవ్య ఫోన్ చేసింది. మీ అమ్మను తిప్పుతున్నానన్నాను.