కొలిమి గోడ మీద వేళ్ల జాడ

సోమవారం, రాయదుర్గం ఐటీ కారిడార్

నిన్న గోదావరి ఒడ్డున, ఒక ఊళ్లో ఒకప్పుడు ఇనుము తీసిన పాత కొలిమి దిబ్బ దగ్గర ఏరుకొచ్చిన కాలిన మట్టిపెళ్లను ఆఫీసుకు తీసుకెళ్లాను. కాగితాల మీద బరువుగా పెట్టుకోవడానికట, నా తెలివి! మా సెక్యూరిటీ గార్డు రాజయ్యది ఆ ఊరే. చూడగానే బూట్లు విప్పాడు.

“గిది మా తాతల కొలిమి గోడ మేడం. ఇనుము తీయాలంటే కొలిమినే పలగ్గొట్టాలె. మల్ల కొత్తది చేత్తోనే మెత్తేటోళ్లు. గీడ జూడుండ్రి.”

నేను పగుళ్లనుకున్న నాలుగు గీతలు వేళ్ల జాడలు. రాజయ్య తన వేళ్లు ఆనించాడు. అతికినట్టు సరిపోయాయి. ఇనుమును కరిగించిన మంట ఆ చేతిని చెరపలేకపోయింది.

“నువ్వే ఉంచుకో రాజయ్యా” అన్నాను.

“తెచ్చినోళ్లే మల్ల ఆడనే దింపాలె మేడం.”

ఆదివారం వెళ్లాలి. అప్పటిదాకా ఎక్కడ పెట్టను? ఇప్పుడు బల్ల మీదే ఉంది. నా వేళ్లు ఆనించే ధైర్యం మాత్రం రావడం లేదు.