విరిగిన నీళ్లు

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ అక్వేరియంలో ఒక్క పగడమూ బతకలేదు.

మెగ్నీషియం సరిచూసుకుని, పొద్దున కాల్షియం, సాయంత్రం ఆల్కలినిటీ మందు, రెండూ ఒకేసారి కలవకూడదని నువ్వు చెప్పినట్టే పోస్తూ వచ్చాను. మొన్న నీ సంవత్సరీకం సామాన్లకు మాదన్నపేట మార్కెట్‌కు వెళ్లాను. సాయంత్రానిది మరిచిపోతానేమోనని బాపు రెండూ ఒకే చెంబులో కలిపి పోశాడు.

నేనొచ్చేసరికి నీళ్లు తెల్లగా ఉన్నాయి. జీవితమంతా పాలమ్మిన మనిషి, వేలు ముంచి చూసి, "విరిగినయ్ బిడ్డా. ఇగ ఏం జేసినా గావు," అన్నాడు.

నీళ్లు మార్చాను. పగడాలు విచ్చుకోలేదు.

నువ్వు పెట్టిన టైమరు ఇవాళ కూడా నీలం లైటు వెలిగించింది. బాపు స్టూలు లాక్కుని ముందు కూర్చున్నాడు.

"సాయంత్రం మందు పోసినవా?" అని అడిగాడు.

సీసా తీసి, కొలిచి పోశాను.