అమ్మ రైఫిల్‌కి కొత్త తొడుగు

బెంటన్‌విల్,
అక్టోబర్ 12.

చిరంజీవి సంహితకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, ఎదురింటి భాస్కర్, రేణు, వాళ్ళ పాప అవని. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట అలవాటుగా రాసేవాణ్ణి. ఈసారి ఆలోచించి రాశాను. నలుగురం క్షేమంగానే ఉన్నాం.

నీ ఉత్తరం అందింది. ఆర్మీ ట్రైనింగ్‌లో ఫోన్లు తీసేసుకుంటారని తెలిసినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. ఫోన్‌లో అయితే ఇది చెప్పలేకపోయేవాణ్ణి. నువ్వు ఇంగ్లిష్‌లో రాసినా నేను తెలుగులోనే రాస్తున్నాను. అమ్మ ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పిన తెలుగు దీనికి సరిపోతుంది. తెలియని మాట వస్తే పైకి చదువు, అర్థమవుతుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. తింటున్నాను. పడక సోఫాలోనే, దాని గురించి మళ్ళీ అడగకు. నీ కారు అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి వీధి చివరిదాకా తిప్పుతున్నాను. మోకాలి నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. బూట్లు బిగుతుగా ఉంటే వేరేవి అడుగు, మొహమాటపడకు.

ఇక చివరి ప్రశ్న. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు అమ్మ రైఫిల్‌తో కాల్చాలని ఉంది, అది ఎలా ఉందని అడిగావు. గొట్టం మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు, మీరు హ్యాండ్‌గార్డ్ అంటారే, అది కాలిపోయింది. కొత్తది వేశాను. ఎలా కాలిందో చెప్తాను.

దసరాకి ఆయుధ పూజ చేశాను. “అన్నయ్యగారూ, అక్క పోయి ఏడాది తిరక్కుండా పండగేంటి?” అంది రేణు. “పండగ కాదమ్మా, పూజ ఒక్కటే. దమయంతి ఎప్పుడూ మానలేదు” అన్నాను. గుంటూరులో కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. రైఫిల్‌కి బొట్టు పెట్టి ఆఫీసర్ చేత తిట్లు తిన్నానని అమ్మ చెప్పేది కదా. ఈ దేశం వచ్చి సొంతంగా ఒకటి కొనుక్కున్నాక ఏటా పూజలో పెట్టేది. నేనూ అలాగే పెట్టాను. పీట మీద నా లాప్‌టాప్, కారు తాళాలు, మిక్సీ, వాటి ముందు అడ్డంగా రైఫిల్.

బొట్లు పెట్టే పని అవనికి ఇచ్చాం. “అంకుల్, గన్‌కి ఎక్కడ పుట్ చేయాలి?” అంది. “నీకు నచ్చిన చోట పెట్టు తల్లీ” అన్నాను. రేణు పీటకి ఆ పక్కన నేల మీద కూర్చుని ఫోన్‌లో వీడియో తీస్తోంది. “ఇటు చూడు అవనీ, నవ్వు” అంటోంది.

హారతి ఇచ్చి పళ్ళెం కింద పెట్టాను. గొట్టం పీట దాటి బయటికి వచ్చి ఉందని చూసుకోలేదు. కర్పూరం మంట తొడుగుకి అంటుకుంది. వాసన వచ్చాక చూస్తే ఒక పక్క కరిగి జారిపోయింది. “రఘువీర్ గారూ, హారతి ఇమ్మంటే హోమం చేసేశారే!” అన్నాడు భాస్కర్. నవ్వాం. మార్చిలో అమ్మ పోయాక నేను నవ్వటం అదే మొదలు.

నువ్వొచ్చేసరికి బాగుచేయించి ఉంచాలని ఆ శనివారం ఊరి బయట ఉన్న తుపాకుల షాపుకి తీసుకెళ్ళాను. ఖాళీ చేసి తెండి అని తలుపు మీద బోర్డు ఉంది. ఖాళీదే అని షాపాయనకి చెప్పాను. తూటాలుండే మ్యాగజైన్ విడిగా డ్రాయర్‌లో ఉంది. అది లేకపోతే తుపాకి ఖాళీ అనే అనుకున్నాను. ఆయన నా మాట విననట్టే, గొట్టాన్ని మూలనున్న ఇసుక డబ్బా వైపు తిప్పి తూటాని గొట్టంలోకి తోసే బోల్ట్‌ని వెనక్కి లాగాడు.

తూటా ఎగిరి గాజు కౌంటర్ మీద పడింది. దొర్లుకుంటూ వచ్చి నా చేతి దగ్గర ఆగింది.

ఆయన రైఫిల్‌ని దగ్గరగా చూసి, “ఈ ఎరుపేంటి?” అని అడిగాడు. ట్రిగ్గర్ మీద చిన్న వేలిముద్ర. కుంకుమ. మా ఇంట్లో పూజ చేశాం, ఎదురింటి పాప పెట్టింది అని చెప్పాను. ఆ పాప ఎంతదని అడగలేదు. “సేఫ్టీ వేసి ఉంది, అందుకే ట్రిగ్గర్ కదల్లేదు. దాన్ని మరీ నమ్మకు” అన్నాడు.

వీడియో తీస్తూ గొట్టానికి ఎదురుగా కూర్చున్నది రేణు, సంహితా.

షాపాయన కూర్చోమన్నాడు. కూర్చోలేదు. తొడుగులు చూపించమన్నాను. ఆ నిమిషంలో నాకు చేతనైన పని అదొక్కటే అనిపించింది. మూడు తెచ్చి పెట్టాడు. అల్యూమినియం దానికి చల్లగాలి ఆడే కన్నాలున్నాయి గానీ, ఎక్కువసేపు కాలిస్తే అదీ వేడెక్కుతుందట. వాల్‌నట్ చెక్కది అందంగా ఉంది. కానీ అది వేరే మోడల్‌ది, ఈ గొట్టం మీద ముందువైపు లేచి నిలబడింది. “ఎవరు కాలుస్తారు?” అని అడిగాడు. “మా అమ్మాయి. చెయ్యి చిన్నది” అన్నాను. అయితే ఇది, అని మామూలు నల్ల ప్లాస్టిక్‌ది ముందుకు జరిపాడు. పాతదానిలాంటిదే, పలచనిది. అదే తీసుకున్నాను.

బిగించే పని నాకే ఇచ్చాడు. “ముందు బోల్ట్ తెరువు. చూడు. చూసింది చాలదు, చిటికెన వేలు లోపల పెట్టు” అన్నాడు. పెట్టాను. చల్లగా, ఖాళీగా ఉంది. మళ్ళీ పెట్టమన్నాడు. తర్వాత తొడుగు వెనక అంచుని గాడిలో కూర్చోబెట్టి, కింది క్లిప్పులు గొట్టాన్ని రెండు వైపులా పట్టేదాకా అరచేత్తో సమంగా నొక్కాలి. నేను ఒక పక్కే నొక్కాను. ఒక క్లిప్పు పట్టలేదు. పక్కన బోల్ట్‌తో పాటు ముందుకీ వెనక్కీ కదిలే కమ్మీ తొడుగుకి రాసుకుంది. అలా వదిలేస్తే కాల్చేటప్పుడు ఊడుతుంది, చెయ్యి కాలుతుంది అన్నాడు. తీసి మళ్ళీ వేశాను. ఈసారి రెండూ టక్‌మని పట్టాయి. పట్టుకుని ఊపమన్నాడు. తొడుగు కదల్లేదు.

రైఫిల్‌ని ఇంటికి తేలేదు. ఆయన లాకర్‌లోనే పెట్టించాను.

కిందటి నవంబర్ తర్వాత అమ్మ దాన్ని ముట్టుకోలేదు. చివరగా వాడింది నువ్వు. నువ్వు ట్రైనింగ్‌కి వెళ్ళే ముందు వారం, అమ్మా నువ్వూ రైఫిల్ కాల్చటం ప్రాక్టీస్ చేసే ఆ ఫార్మ్‌కి ఒక్కదానివే వెళ్ళొచ్చావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేనేమీ అడగలేదు. షాపాయన చెప్పినదాన్ని బట్టి, మ్యాగజైన్ ముందు తీసి, తర్వాత బోల్ట్ లాగాలి. ముందు బోల్ట్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే ఒక తూటా లోపలే ఉండిపోతుంది. ఇది నీకు ఇప్పుడు అక్కడ నేర్పే ఉంటారు.

ట్రైనింగ్ మధ్యలో నీకు ఇది రాయాలా అని ఆలోచించాను. రాయాలి. నువ్వు తుపాకి పట్టుకున్నప్పుడు నీ పక్కన రోజూ మనుషులుంటారు.

నేను చేసింది ఇంకా చెప్పలేదు. ఆ సాయంత్రమే ఎదురింటికి వెళ్ళి తూటా సంగతి చెప్పాను. భాస్కర్ కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. రేణు మాత్రం సూటిగా అడిగింది.

“ఎవరు వదిలేశారు దాన్ని?”

“దమయంతి అయ్యుంటుంది” అన్నాను. అనుకుని అన్నది కాదు. వచ్చేసింది.

“అక్కా?” అంది రేణు. “అవని కడుపులో ఉన్నప్పుడు నన్ను కత్తిపీట ముందు కూర్చోనిచ్చేది కాదు. ఆ మనిషి లోడ్ చేసిన గన్ ఇంట్లో వదిలేసిందా?”

“అప్పటికి కీమోలో ఉన్నారు కదా రేణూ, మతిమరుపు వచ్చి ఉంటుంది” అన్నాడు భాస్కర్.

“వస్తే? నా కూతురి చేత నన్ను చంపించేదేగా!”

నీకింకా ముందు బతుకుంది, అమ్మకి ఇక పోయేదేమీ లేదని సర్దిచెప్పుకుని ఇంటికి వచ్చాను. మర్నాటి నుంచి అమ్మ గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అమ్మకి పోయేది ఉందని అప్పుడు తెలిసింది.

ఇక్కడిదాకా రాసి, కలం పెట్టేసి వాళ్ళింటికి వెళ్ళాను. ఇప్పుడే వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రేణు దోసెలు పోస్తోంది. “అది దమయంతి కాదమ్మా. సంహిత” అన్నాను. స్టవ్ ఆపేసింది.

“మరి అబద్ధం ఎందుకు చెప్పారు?”

“పిల్ల దూరంగా ఉంది...”

“అక్క దగ్గరగా ఉందా?”

“వారం నుంచి చనిపోయిన మనిషిని తిట్టుకుంటున్నాను అన్నయ్యగారూ. తిట్టడం, ఏడవడం. మీరు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.” భాస్కర్ ఏదో అనబోతే, “నువ్వుండు” అంది.

అవని వచ్చి, “సంహితక్క ఎప్పుడు వస్తుంది?” అని అడిగింది. అది ఒక దోసె చుట్టుకుని వెళ్ళిపోయింది.

లేచి వస్తుంటే రేణు గుమ్మం దాకా వచ్చింది. “ఉత్తరంలో నా తరఫున ఏమీ రాయకండి. క్షమించేసిందని అసలే రాయకండి. వచ్చాక నా ఎదురుగా నిలబడి తనే చెప్పమనండి” అంది.

అందుకని ఆ మాట రాయటం లేదు.

క్రిస్మస్‌కి వస్తావు కదా. ఎయిర్‌పోర్ట్ నుంచి తిన్నగా ఆ ఇంటికే తీసుకెళ్తాను. బెల్ నువ్వే కొట్టు. ఏం చెప్పాలో నేను నేర్పను. నీ పక్కనే నిలబడతాను, ఎందుకంటే ఆ గుమ్మంలో నేను చెప్పుకోవలసింది కూడా ఇంకా మిగిలే ఉంది. ఆమె తిట్టినంతసేపూ నిలబడదాం. తలుపు వేసేస్తే మర్నాడు మళ్ళీ వెళ్దాం.

ఇట్లు,
నాన్న.